ఫ్రిజ్ మీద కెమెరా

గుమ్మడికాయ ముక్కల్ని ఆవిరి మీద ఉడికించి, మెదిపి, జల్లెడలో వేసి గరిటె వెనకభాగంతో నొక్కితే కిందికి దిగే గుజ్జు ఎంత నున్నగా ఉంటుందో ఆ ఇంట్లోనే చూడాలి. మచ్చుకైనా పీచు కనిపించదు. బుంగ వాళ్లమ్మ ఆ గుజ్జును ఐస్ ట్రేల్లో పోసి గడ్డ కట్టిస్తుంది. క్యారెట్‌కి ఒక ట్రే, ఆపిల్‌కి ఒక ట్రే, పచ్చిబఠాణీకి ఒక ట్రే. పూటకి రెండు గడ్డలు గిన్నెలో వేసి వెచ్చబెడితే పిల్ల భోజనం సిద్ధం. ఇంత సులువు చేసిపెట్టిన మనిషి పొద్దస్తమానం వంటింట్లోనే ఎందుకుంటుందని ఎవరూ అడగలేదు. అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుందని కాబోలు.

ఆమెకు పేరు లేక కాదు. పిల్ల పుట్టాక ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు, అంతే. పుట్టినప్పటి నుంచి ఎవరో తిట్టినట్టు మూతి ముడుచుకుని చూస్తోందని నాయనమ్మ ఆ పిల్లకి బుంగ అని పేరు పెట్టింది. దాంతో తల్లి బుంగ వాళ్లమ్మ అయి కూర్చుంది. మేడ మొత్తానికి అదే పేరు.

ఆమె మొగుడు లిఫ్ట్ మెకానిక్. ఊళ్లో ఏ మేడలో లిఫ్ట్ ఆగినా అతని ఫోను మోగుతుంది. అలాంటి మనిషి కాపురం ఉంటున్న మేడలో మాత్రం లిఫ్ట్ పడకేసి ఏడాది దాటింది. మేడ యజమానికి వేరే కంపెనీతో ఒప్పందం ఉందట, ఆ కంపెనీ వాళ్లు రారట, ఇతణ్ణి ముట్టుకోనివ్వరట. నాలుగో అంతస్తు నుంచి చంటిపిల్లనీ తోపుడుబండినీ ఎత్తుకుని మెట్లు దిగడం ఎంత సరదాగా ఉంటుందో దిగినవాళ్లకే తెలుస్తుంది. బుంగ వాళ్లమ్మ మొదట్లో దిగేది. తర్వాత మానేసింది.

మెకానిక్‌కి మధ్యాహ్నం నుంచి డ్యూటీ. అయినా పొద్దున పూట ఇంట్లో ఉన్నప్పుడూ ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఎవరో ఎక్కడో రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుని, ఏడుపు గొంతుతో చేస్తారు. అతను కుర్చీలోంచి లేవకుండా, బిడ్డని జోకొట్టినట్టు చెబుతాడు.

"కంగారు పడకండి. తలుపు మీద బాదకండి. లోపల గాలి ఆడుతూనే ఉంటుంది. కింద కూర్చోండి. మనిషి వస్తున్నాడు."

అవతలివాళ్లు ఎంతసేపట్లో వస్తాడని అడుగుతారు. అడగనివాళ్లు లేరు. అతను ఆ ఒక్కదానికీ జవాబివ్వడు. మళ్లీ "మనిషి వస్తున్నాడు" అని పెట్టేస్తాడు.

"పాపం, టైము చెప్తే ఏం పోయింది?" అని ఆమె ఒకసారి అడిగింది.

"చెప్పకూడదు. పది నిమిషాలన్నామనుకో, పదకొండో నిమిషంలో తలుపు విరగ్గొట్టుకుని దూకేస్తారు. వస్తున్నాడంటే చాలు, కూర్చుంటారు" అన్నాడతను. వాళ్ల పనిలో మొదట నేర్పేది అదేనట.

కెమెరా ఆమె పిన్ని ఇచ్చింది. పాతదే. పిల్ల ఫోటోలు తీసుకోమని ఇచ్చింది. ఆమె తీసింది, మరీ తీసింది. పిల్ల పడుకుంటే గిన్నెని తీసింది, చెంచాని తీసింది. జల్లెడ కన్నాల్లోంచి కారుతున్న ఆపిల్ గుజ్జుని తీసింది. కెమెరా టక్కుమన్నప్పుడల్లా పిల్ల ఉలిక్కిపడి లేస్తుంటే, ఆ చప్పుడు ఆపేసే మార్గమేదో వెతికి పట్టుకుంది. తనంతట తానే కాసేపటికొక ఫోటో తీసుకునే ఏర్పాటు కూడా ఆ కెమెరాలో ఉందని తెలిశాక, ఇక ఆమె ఆనందం చూడాలి. ఎవరి పుట్టినరోజో అనుకుంటారు.

ఆ గుజ్జు ఫోటోల్ని మేడవాళ్ల ఫోన్ గ్రూపులో పెట్టడం ఆమె చేసిన పొరపాటు. మెచ్చుకోలు కోసం పెట్టింది. దొరికింది కూడా. "అబ్బ, ఏం రంగు!" అన్నారు. అక్కడితో ఆగితే బాగుండును. "తల్లంటే ఇలా ఉండాలి" అన్నారు. రెండో అంతస్తు ఆవిడ తన కోడలికి చూపించి తిట్టిందట. ఆడపడుచు వేరే ఊరి నుంచి ఫోన్ చేసి, "వదినా, నీ చేత్తో పెడితే తప్ప బుంగ నోరు తెరవదటగా!" అని మురిసిపోయింది. ఆ మాట ఎవరు పుట్టించారో గానీ మేడంతా పాకింది. పిల్ల ఒక్కసారి తల పక్కకి తిప్పితే చాలు, అత్తగారు గిన్నె కింద పెట్టేసి, "నా వల్ల కాదమ్మాయ్, నీ చెయ్యే కావాలి దీనికి" అనేది. అందులో దెప్పిపొడుపు లేదు, గర్వమే. మా కోడలు అంతటిదన్న గర్వం. ఎవరైనా తిట్టి కూర్చోబెడితే తిరగబడొచ్చు. పొగిడి కూర్చోబెడితే ఏం చేస్తారు? ఆమె పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లడం కూడా మానేసి, పన్ను సలుపుతుంటే ఆ పక్కన నమలకుండా నెట్టుకొస్తోంది.

వీధి చివర ఫోటో స్టూడియో ఉంది. నడుపుతున్నది ఒకావిడ, అందరూ మేడమ్ అంటారు. ముక్కు మీద కోపం, మెడలో ఎప్పుడూ రెండు కెమెరాలు. ఒకరోజు బుంగ వాళ్లమ్మ కొన్ని ఫోటోలు ప్రింటు వేయించడానికి వెళితే, మేడమ్ ఒక్కొక్కటీ తిరగేసి చూసింది.

"ఎవరు తీశారు?"

"నేనేనండి."

"అన్నిట్లోనూ ఒకటే కిటికీ. ఎడమ పక్క నుంచి వెలుతురు. మీ ఇంట్లో ఇంకెక్కడా వెలుతురు లేదా, నువ్వక్కణ్ణుంచి కదలవా?"

బుంగ వాళ్లమ్మ వేళాకోళం అనుకుని నవ్వబోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మేడమ్ అది చూసీ చూడనట్టు ఊరుకుంది. "కన్నుంది నీకు. బళ్లో పిల్లల క్లాసు ఫోటోలు తీసే పని ఒప్పుకున్నాను, ఒక్కదాన్నే చెయ్యలేను. వారానికొక పొద్దుటి పూట వస్తావా? కెమెరాలు నావే. నీ చేతులు తెచ్చుకో చాలు. కానీ ఒక మాట విను, కిటికీ అమ్మాయ్. సగంలో వదిలిపెట్టి పోయేవాళ్లంటే నాకు గిట్టదు."

కిటికీ అమ్మాయ్. బుంగ వాళ్లమ్మ కాని పేరు విని ఎన్నాళ్లయిందో. మెట్లు ఎక్కుతుంటే ఆమెకి ఆయాసం కూడా రాలేదు.

ఇంట్లో చెబితే ఎవరూ వద్దనలేదు. మొగుడు "వెళ్లు, దానికేం" అన్నాడు. అత్తగారు "వెళ్లిరా, మేమిద్దరం లేమూ" అంది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు ఆమె చూసింది, పట్టించుకోలేదు.

ఆ పొద్దున గుమ్మడి గడ్డలు రెండు తెల్ల గిన్నెలో వేసి, కిటికీ పక్కన బల్ల మీద పెట్టింది. గడ్డ కరిగి గుజ్జయ్యే తీరును కెమెరా తనంతట తానే తీసేలా సర్ది, బల్ల మీదికి చూసేలా ఫ్రిజ్ మీద నిలబెట్టింది. ఈలోగా పిల్లకి పాలిచ్చి, తల దువ్వుకుని, ఇది ఇలా వెచ్చబెట్టాలి, చెంచా ఇలా పట్టాలి, చివరికొచ్చాక తల తిప్పితే వదిలెయ్యాలి అని అప్పగింతలు పెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పరుగులాంటి నడకతో మెట్లు దిగింది. ఫ్రిజ్ మీది కెమెరా సంగతి మరిచేపోయింది.

బడి ఆవరణలో బెంచీలు వేశారు. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. బుంగ వాళ్లమ్మ పని పిల్లల కాలర్లు సర్దడం, చూపులు కెమెరా వైపు తిప్పడం. రెండు వరసలు అయ్యాక మేడమ్ కెమెరా ఆమె చేతికిచ్చి "నువ్వు తియ్" అంది. ఆమె కన్ను ఆనించింది. ఎంతమంది మొహాలు! అన్ని వైపుల నుంచీ వెలుతురు. గుండె నిండిపోయింది.

అప్పుడే సంచిలో ఫోను మోగింది.

"తినడం లేదు" అన్నాడు మొగుడు. "నోరే తెరవడం లేదు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేలా ఉంది. వచ్చెయ్."

కెమెరా మేడమ్ చేతిలో పెట్టి, ఏదో గొణిగి, గేటు దాటి పరిగెత్తింది. ఆ పరుగులో భయం ఉంది, పిల్ల మీద బెంగ ఉంది. వాటి అడుగున ఎక్కడో ఒక చిన్న సంతోషం కూడా ఉంది. చూశారా, నేను లేకపోతే నడవదు అని. ఉన్నదాన్ని లేదనడం ఎందుకు, ఉంది.

ఇంటికెళ్లేసరికి బుంగ నిద్రపోతోంది. "ఇప్పుడే పడుకుంది, లేపకు" అన్నాడు మొగుడు. అయినా ఆమె ఎత్తుకుని పాలు పట్టబోయింది. పిల్ల రెండు గుక్కలు తాగి మొహం తిప్పేసుకుంది. తన మీద అలిగిందనుకుని ఆమె ఇంకా కుమిలిపోయింది. గిన్నె కడిగి బోర్లించి ఉంది. పారబోశారు కాబోలు అనుకుంది.

సాయంత్రం మేడమ్ ఫోన్ చేసింది. "చంటిపిల్లలున్న ఇంట్లో ఇలాంటివి మామూలే గనక ఈసారికి పోనిస్తున్నాను. వచ్చే వారం ఇదే బడి, ఇంకో క్లాసు. మళ్లీ సగంలో పోయావంటే ఆ తర్వాత నీకు ఫోన్ చెయ్యను." బెదిరింపులా లేదు. ఉన్నమాట చెప్పింది, అంతే.

మర్నాడు మొగుడు డ్యూటీకి వెళ్లి, అత్తగారు కునుకు తీస్తుంటే, ఫ్రిజ్ మీద కెమెరా కనిపించింది. చార్జింగ్ అయిపోయి ఉంది. వైరు తగిలించి, గడ్డలు ఎలా కరిగాయో చూద్దామని కూర్చుంది.

మొదటి ఫోటోల్లో గడ్డలు మంచు పట్టి ఉన్నాయి. తర్వాత అంచులు కరిగాయి. ఆ తర్వాత ఒక చెయ్యి వచ్చి గిన్నె తీసింది, మొగుడిది. వెచ్చబెట్టి తెచ్చాడు. బుంగ కుర్చీలో కూర్చుంది. అతను చెంచా పట్టుకున్నాడు, ఆమె చెప్పినట్టే. పక్కన అత్తగారు, పళ్లు లేని నోరు ఇంత తెరిచి "ఆ" అంటోంది. బుంగ కూడా అంతే నోరు తెరిచి ఉంది. తర్వాతి ఫోటోలో బుగ్గల నిండా గుమ్మడి. ఆ తర్వాత ముక్కు మీద. తర్వాత పిల్ల చెంచాని తనే గుంజుకుంటోంది. తర్వాత గిన్నె ఖాళీ. పిల్ల చేతులు రెండూ పైకెత్తి, కళ్లు మూసుకుపోయేలా నవ్వుతోంది. ఆ నవ్వుని పట్టుకోవాలని ఆమె ఎన్ని రోజులు కెమెరా పట్టుకుని కాచుకుందో! అది ఆమె లేని గదిలో, ఆమె లేని పూట, తనంతట తానే పడింది.

ఆ తర్వాతి ఫోటోలో మొగుడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. రెండో చెయ్యి పిల్ల పాదం మీద ఉంది. పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది. ఫోటో తీసిన వేళ, తనకి ఫోన్ వచ్చిన వేళ ఒకటే. మళ్లీ మళ్లీ సరిచూసుకుంది.

మర్నాడు పొద్దున అతను కాఫీ తాగుతుంటే కెమెరా తెచ్చి ముందు పెట్టింది.

"శుభ్రంగా తిన్నదిగా" అంది.

అతను చూశాడు. ఒక్కొక్కటే ముందుకు జరిపి చూశాడు. ఫోను పట్టుకున్న ఫోటో దగ్గర ఆగిపోయాడు. తల్లి వైపు చూశాడు.

"నన్ను చూడకు" అంది అత్తగారు. "అలా చెప్పకురా అనే అన్నాను నేను." చీపురు కోసం వెతుకుతున్నట్టు నటిస్తూ, "గట్టిగా అనలేదులే" అంది.

"తినలేదని ఎందుకు చెప్పారు?"

మెకానిక్ కప్పు అటు జరిపాడు, ఇటు జరిపాడు. చివరికి తల ఎత్తకుండా అన్నాడు. "తినేసింది కాబట్టే చేశాను. గిన్నె ఖాళీ అయ్యేసరికి నాకు చెమటలు పట్టాయి."

"పిల్ల తింటే చెమటలు పట్టడమేంటండీ?"

"తినకపోతే నువ్వొస్తావు. తినేస్తే ఇంక ఈ ఇంట్లో నిన్ను పట్టి ఉంచేదేముంది?"

"ఏం మాటలవి! ఇది నా ఇల్లు కాదా?"

"కాదనలేదు." అప్పుడు తల ఎత్తాడు. "రోజూ నువ్వా కిటికీ దగ్గర నించుని కిందికి చూస్తావు చూడు. ఇరుక్కున్నవాళ్లు తలుపు సందులోంచి అలాగే చూస్తారు. నాకు తెలీదనుకోకు. నేను రోజూ చూసే మొహాలే అవి."

"తెలుసా మీకు?"

"తెలుసు."

"తెలిసి?"

"తెలిసి ఊరుకున్నాను" అన్నాడతను.

అతను ఒంటికాలి మీద లేచి అరిచి ఉంటే ఎంత బాగుండేదో! చెయ్యెత్తినా ఎదురు నిలబడేది. ఈ మనిషి ఊళ్లో ఇరుక్కున్న ప్రతివాణ్ణీ బయటికి లాగి, ఇంటికొచ్చి, ఉన్న ఒక్క తలుపునీ వీపుతో ఆనుకుని కూర్చున్నాడు. అదీ ప్రేమతో. కోపం నెత్తికెక్కింది. దాని వెనకే జాలి వేసింది. జాలి వేసినందుకు తన మీదే అసహ్యం వేసింది. ఈ జాలే తన కొంప ముంచుతుందని ఆమెకు స్పష్టంగా తెలుస్తోంది.

"వచ్చే వారం వెళ్లు. ఫోన్ చెయ్యను, ఒట్టు" అన్నాడతను.

"ఒట్లేం వద్దు. నిజంగా తినకపోతేనే చెయ్యండి" అంది ఆమె. అని, వంటింట్లోకి వెళ్లి పియర్ పళ్లకి తొక్క తియ్యడం మొదలుపెట్టింది. తొక్క మందంగా వచ్చింది.

ఆ వారం ఇంట్లో మాటలు తగ్గాయి. అత్తగారు అడక్కుండానే పిల్లకి రెండు పూటలు తినిపించింది. తిన్నాక ఖాళీ గిన్నె తెచ్చి కోడలికి చూపించేది, తప్పు ఒప్పుకున్నట్టు. మేడ గ్రూపులో కొత్త ఫోటోలు లేవేమని అడిగారు. ఆమె జవాబివ్వలేదు.

రెండోసారి బడికి వెళ్లినప్పుడు మేడమ్ కెమెరా తిన్నగా ఆమె మెడలోనే వేసింది. "ఈ క్లాసు నీది. నేను చూస్తుంటాను."

పిల్లలు కుదురుగా ఉండరుగా. ఒకడు ముందు వరసవాడి చెవి మెలిపెడుతున్నాడు. ముందు పళ్లు ఊడిన ఒక పిల్ల, నవ్వితే కనిపిస్తాయని మూతి బిగించుకుని కూర్చుంది. బుంగ వాళ్లమ్మ అందరినీ సర్ది, వెనక్కి నడిచి, కన్ను ఆనించింది. ఫోను మోగింది.

మేడమ్ చేతులు కట్టుకుంది.

ఆమె ఫోను తీసింది. అతను మాట్లాడకముందే ఏడుపు వినిపించింది. అది పేచీ ఏడుపు కాదు, నిద్ర ఏడుపు కాదు. అసలైన ఆకలి ఏడుపు. గుక్క పట్టి, ఆగి, మళ్లీ అందుకునే ఏడుపు. ఏ తల్లీ ఇందులో మోసపోదు.

"ఈసారి నిజమే. గిన్నె తోసేసింది. మా అమ్మ చేత్తో పెట్టినా తినడం లేదు. నా మాట నమ్ము" అన్నాడతను. గొంతులో నాటకం లేదు.

నమ్మింది. నమ్మింది కాబట్టే కాళ్లు గేటు వైపు తిరిగాయి. ఆమె ప్రమేయం లేకుండానే తిరిగాయి. గేటు తెరిచే ఉంది. దాటితే ఇల్లు, మెట్లు, కిటికీ. ఈసారి దాటితే ఇంకెవరూ పిలవరు. ఆమె బతుకంతా ఆ కాస్త దూరంలో ఆగింది.

"కంగారు పడకండి" అంది.

అవతల అతను ఠక్కున ఆగిపోయాడు. ఆ మాటలు అతనివే.

"గిన్నె పక్కన పెట్టండి. బలవంతం చెయ్యకండి. కిటికీ తియ్యండి, గాలి ఆడుతుంది. దాన్ని ఒళ్లో వేసుకుని కింద కూర్చోండి. కాసేపాగి మళ్లీ పెట్టండి, తింటుంది. మనిషి వస్తోంది."

పిల్ల ఏడుస్తూనే ఉంది. అతను, ఇన్నేళ్లూ ఇరుక్కున్నవాళ్లంతా తనని అడిగిన మాటే అడిగాడు. "ఎంతసేపట్లో?"

ఆ ఒక్కదానికీ జవాబివ్వకూడదని ఆమెకి తెలుసు. అతనికీ తెలుసు.

"మనిషి వస్తోంది" అని ఫోను పెట్టేసింది.

చెవుల్లో ఏడుపు ఆగలేదు. రొమ్ములు బిగుసుకుని పాలు పొంగుకొచ్చాయి. జాకెట్టు తడిసింది. కెమెరా పట్టీ కింద తడి వెచ్చగా కిందికి పాకుతోంది. చేతులు అడ్డం పెట్టుకుందామంటే రెండు చేతుల్లోనూ కెమెరా ఉంది. మేడమ్ చూసింది. కట్టుకున్న చేతులు వదిలింది.

పళ్లు ఊడిన పిల్ల వేలెత్తి చూపించింది. "ఆంటీ, మీ బట్టలు తడిశాయి."

"తడవనీ" అంది ఆమె. కళ్లు మసకబారుతుంటే భుజానికి తుడుచుకుని, మళ్లీ కన్ను ఆనించింది. "అందరూ ఇటు చూడండి."